కుక్కకు క్షవరం ఎవరి చేతిలో పెట్టాలి?

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది నల్లగొండ. మా ఇంట్లో నాలుగేళ్ల షిట్జూ ఉంది, పేరు లడ్డూ. పోయిన నెల ఒక గ్రూమింగ్ షాపులో వదిలేసి మూడు గంటల తర్వాత వెళ్లి తెచ్చుకున్నాం. చూడ్డానికి ముద్దుగా ఉంది, మెడకు రిబ్బను కూడా కట్టారు. కానీ రెండు రోజులు మంచం కింద నుంచి బయటికి రాలేదు. ఇప్పటికీ చెవి ముట్టుకోనివ్వదు. ఏం జరిగిందని ఫోన్ చేస్తే "మీ కుక్కే బాగా అల్లరి మేడమ్" అన్నారు. మా ఆయన హైదరాబాద్ నుంచి గ్రూమింగ్ వ్యాన్ తెప్పిద్దామంటున్నారు. మా అత్తమ్మ "కుక్కకు సెలూన్ ఏందే" అని నవ్వుతున్నది. మంచి చోటు ఏదో ఎలా తెలుసుకోవాలి?
ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: ముందు చెవి సంగతి చూడండమ్మా, షాపు సంగతి తర్వాత. లడ్డూను వెలుతురులో ఒళ్లో పడుకోబెట్టుకుని చెవి రెక్క వెనక్కి మడిచి చూడండి. లోపల ఎర్రగా ఉందా? వాసన వస్తోందా? తల మాటిమాటికీ విదిలిస్తోందా? షిట్జూకు చెవి లోపల కూడా వెంట్రుకలుంటాయి. కొందరు పొడి జల్లి వాటిని వేళ్లతోనో పట్టకారుతోనో పీకేస్తారు. గట్టిగా పీకితే ఆ చోటు పుండవుతుంది. స్నానంలో నీళ్లు లోపలికి పోయినా ఇదే బాధ. రెక్క దిండులా ఉబ్బితే మాత్రం లోపల రక్తం చేరిందన్నమాట, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. నెల దాటినా ముట్టుకోనివ్వడం లేదంటున్నారు కాబట్టి ఉబ్బినా ఉబ్బకపోయినా ఒకసారి చూపించండి. కొబ్బరినూనె, ఇంట్లో మిగిలిపోయిన చెవి చుక్కలు, ఇవేవీ పోయకండి.

మీ అత్తమ్మను నవ్వనివ్వండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దేవరకొండ వైపు కుక్కకు స్నానం అంటేనే నవ్వేవాళ్లు. గేదెలకు చెరువు, కుక్కలకు వాన, అంతే లెక్క. ఊరకుక్కకు అది సరిపోతుంది కూడా. షిట్జూకు సరిపోదు. దాని వెంట్రుక మన తల వెంట్రుకలా పెరుగుతూనే ఉంటుంది. నెలకో నెలన్నరకో ఒకసారి కత్తిరించి, రోజూ దువ్వకపోతే చంకల్లో, చెవుల వెనక, తోక మొదట్లో ఉండలు కడుతుంది. ఆ ఉండ చర్మాన్ని లాగుతూ ఉంటుంది. కింద గాలాడక చీము పట్టిన కుక్కల్ని ఎన్నింటినో చూశాను. కాబట్టి ఇది సోకు కాదని అత్తమ్మకు నా మాటగా చెప్పండి.

ఇక నా సంగతి ఒకటి చెప్పుకోవాలి, సిగ్గుగానే ఉన్నా. పశుసంవర్ధక శాఖలో 28 ఏళ్లు డాక్టరుగా చేశాను. అయినా నా కుక్క కడుపు నేనే కాల్పించాను. మా మేనకోడలి పెళ్లి రోజు. ఇంటినిండా చుట్టాలు, కుక్కేమో వాసన. ఒక షాపుకు తీసుకెళ్లి "సాయంత్రం పెళ్లికి పోవాలి బాబూ, గంటలో ఇచ్చెయ్" అన్నాను. బయట కుర్చీలో కూర్చుని పూలవాడితో, టెంటువాడితో ఫోన్ మాట్లాడుతూ ఉన్నాను. ఇంటికి తెచ్చాక చూస్తే పొత్తికడుపు మీద వేలెడు వెడల్పున ఎర్రటి చారలు. రాత్రికి నాకి నాకి పుండు చేసుకుంది. ట్రిమ్మర్ మిషన్ ఆపకుండా తిరిగితే బ్లేడు ఇస్త్రీపెట్టెలా వేడెక్కుతుంది. ఆ అబ్బాయి పొద్దున్నుంచి ఎన్ని కుక్కలకు అదే బ్లేడు వాడాడో. అతను చెడ్డవాడేం కాదు, కుక్కను బాగానే పట్టుకున్నాడు. గంటలో కాదు మేడమ్, అనలేకపోయాడు. నేనూ లోపలికి వెళ్లి చూడలేదు. పెళ్లి ఫొటోల్లో నా మొహం చూస్తే ఇప్పటికీ ఆ చారలే గుర్తొస్తాయి.

అప్పటి నుంచి ఏ షాపునైనా నేను ముందు చూసేది ఇదే: ఇతను "కాదు" అంటాడా? ఉండలు కట్టిన కుక్కను తీసుకెళ్తే "విప్పి దువ్వితే దానికి నరకం మేడమ్, పొట్టిగా తీసేస్తాను, అందంగా ఉండదు, పర్లేదా" అనాలి. కడుపుతో ఉన్న కుక్కను చూసి ఇవాళ వద్దనాలి. టీకాల కార్డు లేకుండా గడప దాటనివ్వకూడదు. రేబిస్ టీకా, ఏటా వేసే కలిపిన టీకా రెండూ చూసి లోపలికి తీసుకునే షాపు మీ కుక్కనే కాదు, రేపు దాని పక్కన నిలబడే పిల్లకుక్కను కూడా కాపాడుతోంది. పిల్లకుక్కల ప్రాణం తీసే పార్వో జబ్బు క్రిమి నేలమీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు చావదు, బ్లీచింగ్ కావాలి. ఒకసారి ఎండాకాలం మధ్యాహ్నం ఒకాయన పగ్‌ను కారులోంచి దించితే, షాపు కుర్రాడు దాని రొప్పు చూసి "ఇప్పుడు ముట్టుకోను సార్, రేపు పొద్దున ఏడింటికి తీసుకురండి" అని వచ్చిన బేరాన్ని వెనక్కి పంపడం నా కళ్లతో చూశాను. ఆయన తిట్టుకుంటూ వెళ్లాడు. నేను మాత్రం ఆ మర్నాడే నా కుక్కకు అక్కడ టైమ్ రాయించుకున్నాను.

మీరు ఒకరోజు లడ్డూ లేకుండా ఖాళీ చేతులతో వెళ్లండి. ఆదివారం పదకొండింటికి, బాగా రద్దీలో. ముందు గది చూసి మురిసిపోకండి, అద్దాలు, బొమ్మలు, సెల్ఫీ గోడ ఎవరైనా పెట్టుకోగలరు. లోపల పని జరిగే టేబుల్ చూడాలి. దాని మీద కాళ్లు జారని రబ్బరు చాప ఉందా? టేబుల్‌కు ఒక స్టాండు, దానికి మెడ పట్టీ ఉంటాయి, కుక్క కదలకుండా. ఆ పట్టీ వేసిన కుక్కను వదిలేసి గ్రూమర్ డబ్బులు తీసుకోవడానికో ఫోన్ ఎత్తడానికో పక్కకు వెళ్లాడా, మీరు ఇంకేం అడగక్కర్లేదు, వచ్చేయండి. కుక్క దూకితే ఉరి పడుతుంది. నిమిషం చాలు.

తర్వాత డ్రయర్. చేత్తో పట్టుకుని ఊదేదైతే ఫర్వాలేదు, చప్పుడుకు బెదురుతాయి గానీ ప్రాణాపాయం లేదు. భయమంతా కుక్కను బోనులో పెట్టి ముందు వేడిగాలి యంత్రం తగిలించి వదిలేసే పద్ధతితో. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితేనే వేడి తగ్గుతుంది. దాని మామూలు ఒంటి వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. బోనులో వేడిగాలే పీలుస్తూ రొప్పితే తగ్గేదేముంది? 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. షిట్జూ, పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు సరిగా రొప్పలేవు కూడా. అసలే మన నల్లగొండ ఎండ, రాళ్లగుట్టలు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతుంటాయి. "బోను డ్రయర్ వాడతారా? వాడితే ఎవరు దగ్గరుంటారు?" అని సూటిగా అడగండి. లడ్డూకు అసలు వద్దని చెప్పేయండి, తువ్వాలుతో తుడిచి మామూలు గాలి ఊదితే చాలు.

బ్లేడు గురించి కూడా మొహమాటం లేకుండా అడగండి. మధ్యమధ్యలో ఆపి, మిషన్ తన మణికట్టు లోపలి వైపుకు తాకించి వేడి చూసుకునేవాడు పని తెలిసినవాడు. ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ మధ్య బ్లేడును, దువ్వెనను మందుతో కడుగుతున్నాడో లేదో చూడండి. తామర దువ్వెన మీదే ప్రయాణం చేస్తుంది, కుక్క నుంచి కుక్కకు, అక్కణ్నుంచి మీ పిల్లల చేతులకు.

ఇంకో ప్రశ్న నాకు ఇష్టమైనది. "గోరు తీసేటప్పుడు రక్తం వస్తే ఏం చేస్తారు?" అని అడగండి. "మా దగ్గర ఎప్పుడూ రాదు మేడమ్" అన్నవాడు అబద్ధమాడుతున్నాడు. నల్లగోర్ల కుక్కకు లోపలి నరం ఎక్కడిదాకా ఉందో కనబడదు. నా చేతుల్లోనే ఎన్నిసార్లు రక్తం వచ్చిందో లెక్కలేదు. "వస్తుంది, పొడి పెట్టి నొక్కిపట్టుకుంటాను, మీకు చెప్తాను" అన్నవాడి దగ్గర కూర్చోండి. మీ ఇంట్లో గోరు తెగితే పటిక పొడి అద్ది రెండు మూడు నిమిషాలు నొక్కండి, మంగలి షాపులో గెడ్డం తెగినప్పుడు పెట్టేదే.

"అల్లరి కుక్కైతే కొంచెం నిద్రమందు ఇస్తాం" అని ఎవరైనా అంటే ఆ షాపు మెట్లు మళ్లీ ఎక్కకండి. మత్తు ఇవ్వడం వైద్యం, 1984 నాటి కేంద్ర చట్టం ప్రకారం రిజిస్టరైన పశువైద్యుడు చేయాల్సిన పని. చప్పిడి ముక్కు కుక్కకు మత్తులో ఊపిరి ఆడకపోయే ప్రమాదం మరీ ఎక్కువ. కరిచే కుక్కకు మూతికి చిక్కం కట్టడం తప్పు కాదు, మన ఎడ్లకు కడతాం కదా. కానీ రొప్పడానికి వీలుండే చిక్కం కావాలి, అదీ కాసేపే.

గోడమీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ గురించి చాలామంది అడుగుతారు. గ్రూమర్‌కంటూ మన దగ్గర ప్రభుత్వ లైసెన్సు పరీక్ష లేదు. మున్సిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు షాపుకే గానీ చేతికి కాదు. ఆ ఫ్రేములో ఎన్ని రోజుల కోర్సని రాసి ఉందో దగ్గరికెళ్లి చదవండి, కొన్నిసార్లు నవ్వొస్తుంది.

వ్యాన్ సంగతి. మంచిదే. ఇంకో కుక్క మొరుగుడు ఉండదు, మీ గుమ్మం ముందే పని జరుగుతుంది. తలుపు తెరిచి చూడనిస్తారా, ఏసీ పనిచేస్తోందా, మీ కుక్క ఆ రోజు ఎన్నోది అని అడగండి. చిక్కల్లా ఏమిటంటే, సాయంత్రానికి చెవి వాచిందంటే అప్పటికి వాళ్లు చౌటుప్పల్ దాటి ఉంటారు. ఊళ్లో వాడైతే రేపు పొద్దున షాపు ముందు నిలబడి అడగొచ్చు. నేనైతే ఊళ్లోవాడినే వెతుక్కుంటాను.

మొదటిసారి స్నానం, గోర్లు మాత్రమే చేయించండి. దగ్గరుండండి, కానీ కుక్కకు కనబడకుండా. మిమ్మల్ని చూస్తే లడ్డూ మీ మీదికి దూకాలని చూస్తుంది, కత్తెర పట్టినవాడికి అదే ప్రమాదం. అద్దం ఇవతల నిలబడి చూడనిచ్చే షాపైతే అందరికీ సుఖం. ఇంటికొచ్చాక చంకలు, గజ్జలు, కాలివేళ్ల సందులు వేలితో తడిమి చూడండి. షాంపూ జిగురు తగిలితే మళ్లీ నీళ్లు పోయండి. మన బోర్ల ఉప్పునీళ్లకు షాంపూ సరిగా నురగ రాదు, ఇంకొంచెం ఇంకొంచెం అని పోసేస్తారు, అది ఒంటిమీదే ఎండి దురద పుడుతుంది. మీ పాత షాపువాళ్లు చెప్పిన అల్లరి నిజమే కావచ్చు. నిజమే అయితే ఆ మాట మీరు ఫోన్ చేసినప్పుడు కాదు, మధ్యలో ఆపి మిమ్మల్ని పిలిచి చెప్పాల్సింది.

ప్రశ్న: మేడమ్, మాది మహబూబ్‌నగర్. మా పామరేనియన్‌కు ఎండాకాలం గుండు చేయిస్తే చల్లగా ఉంటుందని గ్రూమర్ అంటున్నాడు. ఇక్కడ గొర్రెలకు ఉన్ని కత్తిరిస్తారు కదా, కుక్కకు ఎందుకు వద్దంటారు?
ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: గొర్రె మాట మీరే తెచ్చారు కాబట్టి గొంగడి మాట నేను తెస్తాను. పాలమూరు గొర్రెల కాపరి మిట్టమధ్యాహ్నం కూడా భుజం మీద గొంగడి వదలడు. వానకూ అదే, ఎండకూ అదే. మీ పామరేనియన్ వేసుకున్నదీ అలాంటిదే. దానికి రెండు వరసల బొచ్చు, పైన గరుకుగా పొడుగ్గా ఒకటి, లోపల దూదిలా ఒకటి. రెండూ కలిసి చలిని ఎలా ఆపుతాయో బయటి వేడినీ అలాగే ఆపుతాయి. గుండు చేస్తే తెల్లటి చర్మం నేరుగా ఎండకు కాలుతుంది.

గొర్రె ఉన్ని మళ్లీ ఒకేలా పెరుగుతుంది. ఈ జాతి కుక్కలకు ఆ భరోసా లేదు. లోపలి దూది ముందు వచ్చేసి పైవరస రాకుండా ఉండిపోవచ్చు, లేదా వీపుమీద అక్కడక్కడా పెరిగి మధ్యలో బోడిగా మిగలొచ్చు. ఏడాది దాటినా పూడని కుక్కలున్నాయి. స్పిట్జ్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, హస్కీ అన్నింటికీ ఇదే మాట. చర్మవ్యాధికి మందు రాయాలనో ఆపరేషన్‌కో డాక్టరు తీయమంటే అది వేరు.

మీకు కావాల్సింది రాలడానికి సిద్ధంగా ఉన్న లోపలి దూదిని దువ్వి తీసేయడం. దానికి పళ్లు దూరంగా ఉండే దువ్వెన ఉంటుంది. ఓ అరగంట కూర్చుంటే ఇంకో కుక్కను తయారు చేసేంత బొచ్చు వస్తుంది. పాదాల కింద, మలద్వారం చుట్టూ కొంచెం కత్తిరించమనండి. పొట్ట కింద కాస్త తగ్గించినా తప్పులేదు, చల్లటి బండమీద పడుకున్నప్పుడు హాయిగా ఉంటుంది. రోహిణి కార్తెలో గ్రూమింగ్ అయితే పొద్దున తొమ్మిదిలోపే. నాలుక ముదురు ఎరుపెక్కి, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే మామూలు చల్లనీళ్లతో తడుపుతూ ఫ్యాన్ పెట్టి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

గుండు చేస్తే చల్లగా ఉంటుందన్న గ్రూమర్ మీద కోపం తెచ్చుకోకండి, అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి అలవాటైపోయింది. కానీ వద్దంటే మానేశాడా, బేరమాడాడా అన్నది గమనించండి.

ప్రశ్న: మా లాబ్రడార్ చెవి కొస కత్తెరతో తెగింది, మూడు కుట్లు పడ్డాయి. గ్రూమర్ మాకు చెప్పలేదు, ఇంటికొచ్చాక రక్తం చూసి తెలుసుకున్నాం. అడిగితే "మీరు కాగితం మీద సంతకం పెట్టారు" అంటున్నాడు. ఏమైనా చేయగలమా?
ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: లాబ్రడార్‌కు చెవి దగ్గర కత్తెరతో పనేమిటో నాకు అర్థం కాలేదు. దానికి స్నానం, దువ్వెన, గోర్లు చాలు. సరే.

సంతకం పెట్టారు కాబట్టి ఇక అడిగే దారి లేదనుకోకండి. డబ్బు తీసుకుని చేసిన పనిలో నిర్లక్ష్యం ఉంటే అది సేవాలోపమే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుంది. షాపు బిల్లు లేదా ఫోన్‌లో డబ్బు పంపిన రుజువు, చెవి ఫొటోలు, కుట్లు వేసిన డాక్టరు చీటీ దాచుకోండి. చీటీలో గాయం ఎలాంటిదో, ఏ తేదీన చూశారో రాయించుకోండి. ముందు షాపువాడికి రాతపూర్వకంగా వైద్యం ఖర్చు అడగండి, చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. నల్లగొండలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫిర్యాదుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి.

కోయడం కంటే దాచడం పెద్ద తప్పు అనిపిస్తుంది నాకు. చెయ్యి ఎవరిదైనా జారుతుంది. ఆ పూటే ఫోన్ చేసి "తెగింది సార్, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా" అని ఉంటే మీరు ఈ ఉత్తరం రాసేవారే కాదు, కదా?

ప్రశ్న: మా పర్షియన్ పిల్లికి ఒంటినిండా పురుగులు. కుక్కలకు వాడే గోమార్ల మందుతోనే స్నానం చేయిస్తామంటున్నారు షాపువాళ్లు. చేయించొచ్చా?
ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: వద్దు. కొన్ని కుక్కల మందుల్లో ఉండే పర్మెత్రిన్ పిల్లికి విషం. దాని కాలేయం ఆ మందును విరగ్గొట్టలేదు, వణుకు, ఫిట్స్ వచ్చి చచ్చిపోవచ్చు. గేదెలకు కొట్టే పిడుదుల మందు నీళ్లలో కలిపి పోస్తామన్నా వద్దనండి, కుక్కకైనా సరే. పిల్లిని తూకం వేయించి, బరువును బట్టి పిల్లులకని రాసి ఉన్న మందే డాక్టరుతో రాయించుకోండి. ఇంట్లో కుక్క కూడా ఉండి దానికి మెడమీద చుక్కల మందు వేస్తుంటే, అందులో పర్మెత్రిన్ లేదని డాక్టరును అడిగి తేల్చుకున్నాకే వేయండి. పిల్లులు కుక్క వీపు నాకుతాయి.